ఒకే మెయిల్‌కు రెండు దర్శనాలు

కోయంబత్తూరు పీలమేడులోని ప్రాచీన తెలుగు ప్రజల మహాసంఘానికి వచ్చే ప్రతి ఈమెయిలూ ఈ నెల పదహారో తేదీ నుంచి రెండు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో చూడబడునని, రెండింటిలోనూ ఒకే విధంగా కనబడిన మెయిల్ మాత్రమే నిజమైన మెయిల్‌గా గుర్తించబడునని సంఘం అధ్యక్షులు, పార్టీ భాషా మైనారిటీ విభాగం జిల్లా కన్వీనరు శ్రీ పెరుమాళ్సామిగారు ప్రకటించారు.

ప్రకటన తమిళంలో ఉంది. తెలుగు సంఘం ప్రకటన తమిళంలో ఎందుకుందని అడిగే తొందరపాటు మనుషులు ఎక్కడైనా ఉంటారు. ప్రకటన వేసేది నలుగురూ చదవాలని కదా.

దానికి రెండు వందల కాపీలు తీసింది నేనే. సంఘం ఆఫీసు మేడ మీద, నా జిరాక్సు షాపు దాని కింద. నేను ఇరవై రెండేళ్ళ కిందట చిత్తూరులో రైలెక్కి కోయంబత్తూరులో దిగాను. ఇక్కడే పెళ్ళి చేసుకున్నాను, ఇక్కడే జుట్టు నెరిసింది. అయినా నాకు సంఘంలో సభ్యత్వం లేదు. వాళ్ళ పెద్దలు నాలుగు వందల ఏళ్ళ కిందట కాలినడకన వచ్చినవాళ్ళు. రైల్లో వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే కాలినడకకు విలువ ఏముంటుంది? నన్ను ‘చిత్తూరు సార్’ అని మాత్రం ఆదరంగా పిలుస్తారు. ఫ్లెక్సీలన్నీ నాకే ఇస్తారు.

ఈ సంఘం ఇచ్చే ఒక కాగితానికి జూన్, జూలై నెలల్లో మహా గిరాకీ. ‘ఈ విద్యార్థి మాతృభాష తెలుగు’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని కింద అధ్యక్షుల సంతకం, సీలు. అంతే. అది చేతిలో ఉంటే తెలుగు మైనారిటీ కాలేజీలో కోటా సీటుకు వరుసలో నిలబడొచ్చు. అయితే పోయినేడు ఆ కాగితం, ఇంట్లో ఒక్క తెలుగు ముక్క వినపడని ముగ్గురు పిల్లలకు వెళ్ళిందని సంఘానికి పోటీగా ఉన్న మదురై వర్గం నాయకుడు, మేలూరు గ్రానైట్ దొరసామి గోడలన్నిటి మీదా పోస్టర్లు వేయించాడు. పెరుమాళ్సామిగారి మనసు నొచ్చుకుంది. ఆ ముగ్గురూ ఇంటికి పళ్ళతట్టలతో వచ్చినప్పుడు ‘బాగున్నారా’ అని తెలుగులోనే అడిగారట. ఇంకేం పరీక్ష పెడతాడు పెద్దమనిషి?

నొచ్చుకున్న మనసులోంచే గొప్ప ఆలోచనలు వస్తాయి. బ్యాంకు లాకరుకు రెండు తాళాలు ఉన్నట్టు సంఘానికి రెండు కంప్యూటర్లు ఉండాలన్నారాయన. ఒకటి ఆఫీసులో ఉన్న లినక్స్ కంప్యూటరు. రెండోది వాళ్ళింట్లో ఉన్న విండోస్ లాప్‌టాప్. మెయిల్ ఒకటే. తెరిచే తలుపులు రెండు. ఇక దరఖాస్తు పెట్టేవాళ్ళు తప్పనిసరిగా మెయిల్‌లోనే పెట్టాలి, అదీ తెలుగు అక్షరాల్లోనే రాయాలి. మోసగాళ్ళ ఆట కట్టు.

ఆఫీసు కంప్యూటరు గురించి ఒక మాట చెప్పాలి. అందులో మొదట విండోసే ఉండేది. వైరస్ పట్టి అది పోయాక, ఊరికే వస్తుందని ఎవరో లినక్స్ వేసి, తమిళ అక్షరాలు కనబడేలా చేసి వెళ్ళారు. తెలుగు అక్షరాలు కూడా వేయమని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం అంతవరకూ రాలేదు. తెర వెలగగానే అందులో ఒక పక్షి బొమ్మ వస్తుంది. మంచుదేశపు పెంగ్విన్ పక్షి. పెరుమాళ్సామిగారు దాన్ని గరుడాళ్వారు అనుకున్నారు. ఆ రోజు నుంచి సంఘం కార్యదర్శి కోదండరామన్‌గారు ప్రతి శుక్రవారం మానిటరుకు పసుపు, కుంకుమ పెట్టి కర్పూరం చూపిస్తున్నారు. ఆయన మిల్లులో టైంకీపరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఏ పనైనా వేళకు చేస్తారు.

పదహారో తేదీన ప్రారంభోత్సవం జరిగింది. మేడ మీద రిబ్బను కత్తిరించారు. ‘తెలుగు వాళ్గ’, అంటే తెలుగు వర్ధిల్లాలి అని తమిళంలో రాసిన ఒక పరీక్ష మెయిల్‌ను కోదండరామన్‌గారు తన ఫోన్ నుంచి సంఘం అడ్రసుకు పంపి, లినక్స్‌లో తెరిచి చూపించారు. చప్పట్లు కొట్టాం. పెరుమాళ్సామిగారు ఇంటికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టారు. ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నది ఆయన కోడలు అభిరామి. కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చేసింది. ఆ డిగ్రీతో ఆ ఇంట్లో కరెంటు బిల్లులు కడుతూ ఉంటుంది.

“వచ్చిండాది మామా. కానీ నల్లగా లేదు, లేతగా ఉండాది.”

“లేతగా అంటే ఏమమ్మా?”

“ఆడ ఆఫీసులో ఎవరో తెరిచి చూసేసినారు. ఒకచోట చూస్తే ఇంకోచోట కూడా చూసినట్టే చూపిస్తాది మామా. అంతా ఒకే మెయిల్ కదా.”

పెరుమాళ్సామిగారు ఫోన్ చేతిలో పట్టుకునే కోదండరామన్‌గారి వైపు తిరిగారు.

“అంటే, నువ్వు తిని విడిచిందే నాకు వస్తా ఉండాదా?”

“అట్ల కాదుంగ తలైవరే. అది సింకు అని...”

“ఏ సింకైతే నాకేమి. ఎంగిలా, కాదా, అది చెప్పు.”

పీలమేడు నుంచి ఉడుమలైపేట దాకా ఏ పెళ్ళిపందిట్లోనైనా మొదటి ఆకు ఆయనకే వేస్తారు. ఆయన కూర్చోనిదే సాంబారు గిన్నె కదలదు. అలాంటి మనిషి ముందుకు, ముప్పై ఏళ్ళ టైంకీపరు చూసి వదిలిన మెయిల్ తెచ్చి పెట్టడమా? ప్రారంభోత్సవం అక్కడే చెడేదే. ఫోన్లోంచి అభిరామి ఆదుకుంది.

“మామా, అన్‌రీడ్ అని ఒకటి ఉండాది. అది నొక్కితే చూసింది కూడా చూడనట్టు అయిపోతుంది. మళ్ళా నల్లగా వస్తాది.”

“అంటే కడిగినట్టా?”

“అట్లే అనుకోండి మామా.”

మూడో నిబంధన అప్పటికప్పుడు పుట్టింది. కార్యదర్శి తాను చూసిన మెయిల్‌ను వెంటనే కడిగి పెట్టవలెను. ఆనాటి నుంచి కోదండరామన్‌గారు పొద్దున పదింటికి మెయిల్స్ తెరవడం, పదింబావుకు కడగడం. ఆ పని ఆయన ఎంత నిష్ఠగా చేసేవారో నేను కళ్ళారా చూశాను. ఒక్కసారి మాత్రం మరిచిపోయారు. ఆ లేత మెయిల్‌ను పెరుమాళ్సామిగారు ముట్టుకోలేదు. అది భాషా మైనారిటీల మీటింగుకు పిలుపని తర్వాత తెలిసింది. మీటింగు ఆయన లేకుండానే జరిగిపోయింది. కానీ మర్యాద నిలబడింది.

పది రోజులు గడిచాయి. సంఘానికి ఇరవై మూడు తాలూకాల్లో శాఖలున్నాయి. ఒక్క దరఖాస్తూ రాలేదు. తెలుగు మాట్లాడే ఇళ్ళు వేలల్లో ఉన్నాయి కానీ, ఆ ఇళ్ళల్లో పిల్లలు చదివింది తమిళమో ఇంగ్లీషో. తెలుగు అక్షరం రాయడం ఎవరికి వచ్చు? ఈ సంగతి ఎవరైనా అంటారేమోనని నేను భయపడ్డాను. ఎవరూ అనలేదు. పెరుమాళ్సామిగారు పత్రికలవాళ్ళను పిలిచి, తన రెండు సిస్టమ్‌ల పద్ధతి వల్ల మోసపు దరఖాస్తులు నూటికి నూరు శాతం ఆగిపోయాయని లెక్క చూపించారు.

పదకొండో రోజు, సోమవారం పొద్దున, ఒక దరఖాస్తు వచ్చింది.

పంపింది తేన్మొళి. కార్పొరేషన్ చెత్తలారీ నడిపే యేసుదాస్ కూతురు. మిల్లు వెనకున్న కాలనీలో వాళ్ళ ఇల్లు. ఆ కాలనీలో పిల్లలకు మాటలు వచ్చేదే తెలుగులో. తమిళం బడికి వెళ్ళాక వస్తుంది. తేన్మొళి పన్నెండో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంది. కంప్యూటర్ ఇంజినీరింగు చదవాలని పట్టు. మైనారిటీ కోటాకు పేర్లు ఇవ్వడానికి గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. ఆ కాగితం లేకపోతే ఇంజినీరింగు లేదు. తిరుప్పూరు బనియన్ కంపెనీలో ప్యాకింగ్ పనికి రమ్మని వాళ్ళ పిన్ని అప్పుడే చెప్పి పెట్టింది. పాస్‌పోర్టు ఫొటోకు నా షాపుకు వచ్చినప్పుడు ఈ పిల్లే నాకు ఇదంతా చెప్పింది.

“తెలుగు రాయడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?” అని అడిగాను.

“మా అవ్వ దగ్గర పాత తెలుగు బైబిలు ఉండాది సార్. అంగమ్మాళ్ అవ్వ. ఆమెకు వచనాలన్నీ మనసులో ఉండాయి కానీ అక్షరం రాదు. ఆమె చెప్తా ఉంటే నేను వేలు పెట్టి ఏ అక్షరం ఏదని పట్టినాను. రెండు సంవత్సరాలు పట్టింది.”

మెయిల్ నాకు ఫోన్లో చూపించింది. ‘అయ్యా, నా పేరు తేన్మొళి. మా ఇంట్లో మేము మాట్లాడేది తెలుగు. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల మీ సంతకంతో కాగితం కావాలి. దయచేసి ఇప్పించండి.’ ఒక్క తప్పు లేదు. నేను ఈ షాపు పెట్టినప్పటి నుంచి సంఘానికి తెలుగులో వచ్చిన ఉత్తరం ఇదొక్కటే. పంపు, తప్పకుండా వస్తుంది అన్నాను.

పదింటికి కోదండరామన్‌గారు మెయిల్ తెరిచారు. లినక్స్ తెర మీద నాలుగు వరుసల గళ్ళు కనిపించాయి. అన్నీ ఒకే కొలత గళ్ళు. లోపల ఏమీ లేదు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. గళ్ళే. పద్ధతి ప్రకారం కడిగిపెట్టి, ఇంటికి ఫోన్ చేశారు. ఇంట్లో విండోస్‌లో అభిరామికి గుండ్రటి అక్షరాలు కనిపించాయి.

ఆఫీసులో గళ్ళు. ఇంట్లో గుండ్రాలు. పెరుమాళ్సామిగారి పద్ధతి మొదటి మోసాన్ని పట్టుకుంది.

మధ్యాహ్నానికి ఆయన లాప్‌టాప్ ప్రింటు పట్టుకుని కారులో వచ్చారు. కోదండరామన్‌గారు ఆఫీసు ప్రింటు పట్టుకుని మెట్లు దిగారు. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి నా షాపులో ట్యూబులైటుకు ఎత్తి చూశారు. ఎంతసేపు చూసినా గడిలో గుండ్రం పట్టలేదు.

“ఇంటికీ ఆఫీసుకూ నడుమ ఉండేది అర కిలోమీటరు,” అన్నారు పెరుమాళ్సామిగారు. “అంత దాంట్లో ఎవడు మార్చింటాడు?”

“మదురైవాళ్ళ పనిగా ఉంటాదింగ,” అన్నారు కోదండరామన్‌గారు.

మర్నాడు తండ్రినీ కూతుర్నీ పిలిపించారు. యేసుదాస్ చెప్పులు కిందే విడిచి, మెట్ల మీద చివరి మెట్టు దగ్గర ఆగిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. తేన్మొళి గుమ్మం దాకా వచ్చింది. నేను విజిటింగ్ కార్డుల కట్ట ఇవ్వడానికి పైకి వెళ్ళి అక్కడే ఉన్నాను.

“పాపా, నువ్వు పంపింది ఒక మెయిలా, రెండా?” అని అడిగారు పెరుమాళ్సామిగారు.

“ఒకటేంగయ్యా.”

“అయితే ఆడ ఒక తీరుగా, ఈడ ఒక తీరుగా ఏంటికి ఉండాది?”

“ఈ ఆఫీసు కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదుంగయ్యా. అక్షరం లేకపోతే దాని చోట్లో ఒక కట్టం, ఖాళీ గడి, చూపిస్తాది. నన్ను వదిలితే పది నిమిషాల్లో వేసిస్తాను. రెండుచోట్లా ఒకే తీరుగా వస్తాది.”

అంత తేలికైన సంగతిని అంత తేలిగ్గా చెప్పడం ఆ పిల్ల చేసిన పొరపాటు.

“తెలుగు సంఘం కంప్యూటర్లో తెలుగు లేదంటావు,” అన్నారు పెరుమాళ్సామిగారు నిదానంగా. “ఈ మాట మెట్లు దిగి పోయిందంటే, రేపు పొద్దున దొరసామి మదురై అంతా పోస్టర్ వేస్తాడు. తెలుసునా నీకు?”

“పోస్టర్ వేసేలోపల నేను ఫాంటు వేసేస్తానుంగయ్యా.”

“ఆ మిషన్‌ను తాకే పని లేదు పాపా,” అన్నారు కోదండరామన్‌గారు. “పూజ చేసి పెట్టిండాము.”

మెట్ల మీద నుంచి యేసుదాస్ అన్నాడు: “పిల్ల తెలియక చెప్పినాదింగయ్యా. మన్నించాల.”

తెలిసి చెప్పిన పిల్ల తరఫున తండ్రి తెలియదని క్షమాపణ అడుగుతుంటే నాకు సిగ్గేసింది. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని మీరు నన్నడగొచ్చు. తెరిచాను.

“అయ్యా, గుండ్రంగా ఉన్నదే తెలుగు. కావాలంటే నేను చదివి వినిపిస్తాను.”

కోదండరామన్‌గారు జాలిగా నవ్వారు.

“మీరు చిత్తూరు సార్. మీది ఆంధ్రా తెలుగు. మాది దానికన్నా పాతది. మా తెలుగు మీకెట్ల తెలుస్తాది?”

సంఘం మహాసభకు ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఆర్డరు నా బల్ల మీదే ఉంది. అది గుర్తొచ్చి, కార్డుల కట్ట అక్కడ పెట్టి కిందికి దిగాను. ఈ కథలో ధైర్యవంతుడి కోసం వెతికేవాళ్ళు నన్ను వదిలేసి ముందుకు పోవచ్చు.

బుధవారం పెరుమాళ్సామిగారి ఇంట్లో నిపుణుల కమిటీ కూర్చుంది. కమిటీ అంటే పెరుమాళ్సామిగారు, కోదండరామన్‌గారు. ఈ రెండింటిలో మనది ఏది అన్నది ప్రశ్న. ఇద్దరికీ రెండూ చదవడం రాదు గనుక పక్షపాతానికి తావు లేదు. సాక్షిగా పెరుమాళ్సామిగారి తల్లి చెల్లమ్మాళ్‌గారిని ఉడుమలైపేట తోట నుంచి కారులో తీసుకొచ్చారు. ఎనభై ఆరేళ్ళ మనిషి. బడి ముఖం చూడలేదు. ఆమె కన్నా ప్రాచీనమైన ఆధారం సంఘం దగ్గర లేదు.

రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టారు. ఆమె గుండ్రటి అక్షరాల కాగితాన్ని పక్కకు తోసి, గళ్ళ కాగితాన్ని దగ్గరకు తీసుకుంది.

“ఇది మా అవ్వ చీర కట్టం మాదిరి ఉండాది,” అంది. “అన్నీ ఇట్లనే, ఒకే కొలత. అట్లా చీర ఇప్పుడు ఎవురు నేస్తా ఉండారు?”

అంతే అన్నది. తర్వాత కాఫీ అడిగింది. కానీ కోదండరామన్‌గారికి చాలు. మన పెద్దలు నాలుగు వందల ఏళ్ళ కిందట బయల్దేరినప్పుడు శత్రువులకు దొరక్కుండా అక్షరాలను ఆడవాళ్ళ చీర గళ్ళలో దాచి తెచ్చారు, గుండ్రటివి ఆంధ్రాలో తర్వాత వచ్చిన ఫ్యాషన్, అసలు తెలుగు ఇదే, అన్నారాయన. కంప్యూటరు ఇన్నాళ్ళూ పూజలందుకుని ఆ రహస్యాన్ని ఇప్పుడు బయటపెట్టింది. గరుడాళ్వారు ఊరికే రాడు కదా. ఈ మాటలు చెప్తున్నప్పుడు ఆయన కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి. పెరుమాళ్సామిగారు లేచి ఆయనకు శాలువా కప్పారు. ఇంట్లో శాలువాలు ఎప్పుడూ ఉంటాయి.

ఆ సాయంత్రమే పత్రికలవాళ్ళను పిలిచి ‘ప్రాచీన తెలుగు లిపి’ని ఆవిష్కరించారు. ఒక విలేకరి, ఈ గళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఏ అక్షరమో ఎలా తెలుస్తుందని అడిగాడు. “తెలిసినవాళ్ళకు తెలుస్తాది,” అన్నారు పెరుమాళ్సామిగారు. విలేకరి రాసుకున్నాడు. గురువారం పొద్దున మేలూరు నుంచి దొరసామి ప్రకటన వచ్చింది. ఆ లిపి మదురై వర్గానిదేననీ, తన క్వారీలో రాళ్ళు తరతరాలుగా అదే ఆకారంలో తీస్తున్నారనీ, పీలమేడువాళ్ళు దొంగిలించారనీ. ఆ ప్రకటన చూశాక ఇంకా ఎవరికైనా అనుమానం ఉన్నా పోయింది. ఇద్దరు నాయకులు కొట్టుకుంటున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. పార్టీ పెద్దాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. శుక్రవారం నాలుగింటికి లిపి ఉత్సవం అన్నారు. నాకు ఫ్లెక్సీ ఆర్డరు మారింది. ఇరవై అడుగుల పొడవునా గళ్ళు, మధ్యలో తలైవర్ పెరుమాళ్సామిగారి ఫొటో. గళ్ళు నేనే గీశాను. గీస్తున్నంతసేపూ ఏ గడికీ తప్పు పట్టేవాడు లేడన్న హాయి ఒకటి.

తేన్మొళి బుధవారం ఒకసారి, గురువారం రెండుసార్లు మెట్లెక్కి దిగింది. మెయిల్ రెండు సిస్టమ్‌లలోనూ ఒకేలా లేదు గనుక పరిశీలనలో ఉంది అని చెప్పి పంపారు. దిగి వచ్చి నా షాపు ముందు నిలబడింది. ఏడవలేదు. గడియారం చూసింది. ఆ చూపు చూస్తే ఏడ్చినా బాగుండునని నాకు అనిపించింది.

గురువారం మధ్యాహ్నం పెరుమాళ్సామిగారి ఇంట్లో నేను ఫ్లెక్సీ నమూనా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన అభిరామిని పిలిచారు.

“అమ్మా, ఆఫీసులో సరిగ్గా వస్తా ఉండాది. మన ఇంట్లోనే తప్పుగా వస్తా ఉండాది. రేపు ఉత్సవంలో రెండూ పక్కపక్కన పెట్టి జనానికి చూపించాల. ఒకే తీరుగా రావాల.”

“మామా, అది ఫాంటు సంగతి. నేను ఆఫీసుకు వచ్చి...”

“ఆఫీసుది ముట్టుకోవద్దు. దీన్ని సరిచెయ్యి.”

అభిరామి లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది.

“దీన్ని అట్ల చెయ్యాలంటే, ఇందులో ఉండే తెలుగు తీసెయ్యాల మామా. తీసేస్తే ఇంక దీంట్లో తెలుగు కనపడదు.”

“ఇన్ని దినాలు కనపడినప్పుడు ఎవరు చూసినారు?”

అభిరామి ఆ మధ్యాహ్నమంతా కూర్చుని లాప్‌టాప్‌లోంచి తెలుగును ఊడ్చేసింది. పని అయ్యాక సంఘం మెయిల్ తెరిచి చూసింది. నాలుగు వరుసల గళ్ళు. ఎంత నీటుగా వచ్చాయో.

శుక్రవారం నాలుగింటికి సంఘం మేడ మీది హాల్లో ఉత్సవం సరిగ్గా మొదలైంది. టైంకీపరు చేతిలో పని కదా. ఒక బల్ల మీద ఆఫీసు కంప్యూటరు, పక్కన ఇంటి లాప్‌టాప్. పెరుమాళ్సామిగారు ఒక చేత్తో అక్కడా, ఒక చేత్తో ఇక్కడా ఒకేసారి నొక్కారు. ఎవరు ముందు చూశారన్న ఎంగిలి సమస్య కూడా దాంతో తీరిపోయింది. రెండు తెరల మీదా ఒకే మెయిల్, ఒకే గళ్ళు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకే మెయిల్‌ను రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఇంత ఒకేలా చూసిన సంఘం ఇంకోటి లేదని వక్తలు తమిళంలో చెప్పారు.

ఇప్పుడు మెయిల్ రెండుచోట్లా ఒకటే. అంటే నిజమైనది. నిబంధన ప్రకారం తేన్మొళికి కాగితం ఇవ్వాల్సిందే. ఈ సంగతి వేదిక మీదకు చీటీ రాసి పంపింది అభిరామి. పెరుమాళ్సామిగారికి చాలా నచ్చింది. ప్రాచీన లిపిలో వచ్చిన మొదటి దరఖాస్తుకు, ప్రాచీన లిపి ఉత్సవంలోనే సంతకం. ఫొటో కూడా బాగా వస్తుంది.

తేన్మొళిని వేదిక మీదకు పిలిచారు. అప్పటికి నాలుగూ ఇరవై ఐదు. కింద వీధిలో యేసుదాస్ బండి స్టార్టు చేసి పట్టుకుని ఉన్నాడు. కాలేజీకి పది నిమిషాలు పడుతుంది, సిగ్నల్ పడితే పదిహేను. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. సీలు వేసేశారు. సంతకం ఒక్కటే తక్కువ. పెరుమాళ్సామిగారు పెన్ను తీసి, మళ్ళీ ఆగారు.

“అయితే పాపా, ఆ మెయిల్ నువ్వే రాసినావని ఏమి గుర్తు? నా ముందర ఒక వరుస రాసి చూపించు. నీ చేత్తో.”

తెల్లకాగితం ఇచ్చారు. పిల్ల వంగి రాయడం మొదలుపెట్టింది. ‘అయ్యా’ అని రాసింది. చక్కటి అక్షరాలు, ముత్యాల్లా. కోదండరామన్‌గారు ఆమె భుజం మీదుగా చూసి గొంతు తగ్గించి అన్నారు: “ఏం పాపా, గుండ్రంగా పోతా ఉండావు?”

తేన్మొళి పెన్ను ఆపింది. నా వైపు చూసింది. ఆ వేదిక చుట్టూ ఉన్న మూడు వందల మందిలో ఆ రెండక్షరాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఫ్లెక్సీ తాడు సరిచేసుకుంటూ ఉండిపోయాను. ఆ తర్వాత ఆమె గోడ మీది గడియారం చూసింది. నాలుగున్నర.

కాగితం తిప్పింది. వెనకవైపు ఒక గడి గీసింది. దాని పక్కన ఇంకోటి. నాలుగు గళ్ళయ్యాక కాస్త చోటు వదిలింది. మళ్ళీ మొదలుపెట్టింది. తొందరపడలేదు. గీత వంకర పోకుండా, అన్నీ ఒకే కొలతలో, వరుస చివరిదాకా గీసి, చివర ఒక చుక్క పెట్టింది.

పెరుమాళ్సామిగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. కాగితం ఎత్తి పట్టుకుని ఎడమ నుంచి కుడికి చూపుడువేలు నడిపించారు. పెదవులు కదిలాయి.

“ఏమి రాసినావో నువ్వే చదువు. జనం వినాల.”

తేన్మొళి మైకు దగ్గరికి వెళ్ళింది.

“పెరుమాళ్సామి అయ్య తెలుగును కాపాడినవారు, అని రాసినానుంగయ్యా.”

జనం మళ్ళీ లేచారు. పెరుమాళ్సామిగారు వాళ్ళను చేత్తోనే కూర్చోమన్నారు. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి వేలు నడిపించి, మొదటి పదం దగ్గర ఆగారు.

“అంతా సరిగ్గా ఉండాది పాపా. నా పేరులో మాత్రం ఒక కట్టం తగ్గింది.”

ఆయనే పెన్ను తీసుకుని, మధ్యలో చోటు చూసుకుని, ఒక గడి ఇరికించారు. పిల్ల “తప్పు నాదేంగయ్యా, ఇంక రానీను” అంది. ఆయన ఆమె తల నిమిరి, టైపు చేసిన కాగితం దగ్గరకు లాక్కుని, నాలుగూ నలభైకి ఇంగ్లీషులో సంతకం పెట్టారు.